శివరాత్రి దాటిన గడ్డి

నా భార్య మీనాక్షి పోయిన తర్వాత మా బర్రె ఎవరికీ పాలివ్వలేదు.

కర్మలు జరుగుతున్నన్నాళ్లు ఎదురింటి దిల్షాద్‌బీ రెండు పూటలా వచ్చి పొదుగు కడిగి కూచునేది. ఎంతసేపు పిండినా చెంబు అడుగు తడిసేది, అంతే. పొదుగు నిండుగా ఉండేది, కానీ బర్రె చేపేది కాదు, పాలు కిందికి వదిలేది కాదు. చేపడం దాని ఇష్టం. మనిషి బలం అక్కడ పనిచేయదు. దాని దూడ మార్గశిరంలోనే చచ్చిపోయింది. అప్పుడు పాలు బిగబట్టిన బర్రెను మీనాక్షి ఎలాగో దారికి తెచ్చింది. అప్పటి నుంచి ఆమె కూచుంటేనే పాలు దించేది. ఊళ్లో వాళ్లు అది ఆమె హస్తవాసి అన్నారు. నేనూ అన్నాను. "నా చేతిలో ఏముంది?" అనేది ఆమె. వినయం అనుకున్నాను.

ఆ పాలు మాకోసం కాదు. దిల్షాద్‌బీ కోడలు మైమూన్‌కు కాన్పు తర్వాత జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. కొడుకు సిరాజుద్దీన్ ప్రొద్దుటూరులో నూనె మిల్లులో పని చేసేవాడు, పండక్కో పబ్బానికో వచ్చిపోయేవాడు. పసివాడు అలీ అహ్మద్‌కు మా బర్రె పాలలో నీళ్లు కలిపి కాచి పట్టేవాళ్లు. వాడు అన్నం తినే దాకా ఈ పాలు వాడివేనని మీనాక్షి దిల్షాద్‌బీకి మాట ఇచ్చింది. ఆ మాట ఇచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"మీనాక్షమ్మ చీర ఒకటి కట్టుకోండి అయివారూ," అంది దిల్షాద్‌బీ ఒక సాయంత్రం, ఖాళీ చెంబు బోర్లించి.

నవ్వుతోందేమోనని ఆమె ముఖం చూశాను.

"నవ్వులాటకు చెప్పలేదప్పా. మా మేనత్త సచ్చిపోతే మా మామ ఆయమ్మ చీర కట్టుకోనే పిండినాడు. ఈ పక్క శానామంది చేస్తారు. బర్రె మొగం చూడదు, వాసన చూస్తాది."

"బడి పిల్లలు చూస్తే..."

"కొట్టం తలుపు ఎయ్యండి. నేను బయట కూచుంటా. ఎవురన్నా వచ్చినారంటే మా ఆయన్ని తిడతాండట్ల అరుస్తా. అదేమన్నా కొత్తా నాకు?"

మరునాడు తెల్లవారుతుండగా మీనాక్షి ఏం చేసేదో అదంతా చేశాను. చేనికి పోయి, మంచుకు తడిసిన గడ్డి ఒక మోపు కోసుకొచ్చి గాడిలో వేశాను. పొదుగు కడిగాను. కొట్టంలో మేకుకు ఆమె పనిచీర వేలాడుతూనే ఉంది. జమ్మలమడుగు నేత, వక్కరంగు. పంచె మీదే దాన్ని చుట్టుకొని, కొంగు తలమీదికి లాక్కొని కూచున్నాను. ఆమె లాగే నుదురు బర్రె డొక్కకు ఆనించాను. బర్రె గడ్డి నములుతూ ఒకసారి బుస్సుమంది. తర్వాత చన్నులు ఉబ్బాయి. నేను పట్టకముందే ఒక చన్ను చివర పాలచుక్క నిలిచింది.

చెంబులో ధార పడే చప్పుడు విని బయట దిల్షాద్‌బీ ఏదో మెల్లగా అనుకుంది. నేను ఆ డొక్క మీద నుంచి తల ఎత్తలేదు. ఈ ఇంట్లో ఆమెను మరిచిపోని ప్రాణి ఇంకొకటి ఉందని ఆ పూట నాకు తెలిసింది.

అలా తెలిసిందనే అనుకున్నాను.

మా ఊరు తొండూరు నుంచి బండిబాటలో లోపలికి పోతే వస్తుంది. ఆ ఊరి బడికి నేనొక్కణ్ణే ఉపాధ్యాయుణ్ణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, మీనాక్షి ఉన్నప్పుడే, దసరాకు ముందు, బ్లాకు ఆఫీసు నుంచి సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవకుడు కోదండపాణి సైకిలు మీద ఒక గుడ్డసంచి తెచ్చాడు. ప్రొద్దుటూరు కుర్రవాడు. బడి అరుగు మీద రైతులను కూచోబెట్టి, ఆ సంచిలోని సన్నటి గింజలు అరచేతిలో పోసి చూపించాడు.

"దీన్ని రై గడ్డి అంటారు. చల్లటి దేశాల గడ్డి. మన దగ్గర కూడా నీళ్లు పెడితే చలికాలమంతా కోతకొస్తుంది. కోసేకొద్దీ లేస్తుంది. పాడి పశువుకు చాలా మంచిది."

దిల్షాద్‌బీ భర్త నబీ రసూల్ ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. కొంచెం సేద్యం కూడా ఉండేది. వెనక నుంచి ఆయన లేచాడు.

"గడ్డి పీకలేక మేము సస్తాంటే, నువ్వు గడ్డి ఇత్తమంటాండావే నాయనా. ప్రొద్దుటూరులో మీ చేన్లలో కలుపు తక్కువైందా ఏంది?"

అందరూ నవ్వారు. కోదండపాణి కూడా నవ్వాడు గానీ సంచి మూతి కట్టేటప్పుడు అతని ముఖం చిన్నబోయింది. అప్పుడు మీనాక్షి గడప దగ్గర నుంచి, "అది నాకివ్వమనండి," అంది.

మాకు బావి దగ్గర కొద్దిగా నేల ఉండేది. ఆ బావి మాకూ నబీ రసూల్‌కూ ఉమ్మడి. ఎద్దులు ఆయనవి, వాటితో నీళ్లు తోడే కపిలి ఆయనే తోలేవాడు, నీళ్లు మాత్రం వంతులవారీగా పెట్టుకునేవాళ్లం. మీనాక్షి మడులు కట్టించింది. గింజ తేలికగా ఉంది, గాలికి పోతుందని ఇసుకలో కలిపి చల్లింది. మొలకలు పసిపిల్లల జుట్టులా వచ్చాయి. ఎదిగాక ఆకు పైపక్క గీతలు గీసినట్టు, అడుగుపక్క నూనె రాసినట్టు మెరిసేది. కాండం మొదలు ఎర్రగా ఉండేది. భూమికి నాలుగు వేళ్లు వదిలి కోయాలని కోదండపాణి చెప్పాడు. ఆమె అలాగే కోసేది. ఊళ్లో దానికి మీనాక్షమ్మ గడ్డి అని పేరు వచ్చింది. మొదటి కోత చేతికొచ్చిన రోజుల్లోనే దూడ చచ్చింది.

"శివరాత్రి దాకానమ్మా దీని పొద్దు," అన్నాడు కోదండపాణి ఒకసారి మడి గట్టు మీద నిలబడి. "ఎండ ముదిరితే నిలవదు. అప్పుడు దున్నేసి పిల్లిపెసర చల్లుకోండి. అది ఎండకు ఓరుస్తుంది."

"దీనికి విత్తనం రాదా?"

"కంకి వేస్తుంది. ఇక్కడి ఎండకు గింజ పట్టదు."

"అయితే ఉన్నన్నాళ్లే," అంది మీనాక్షి, కొడవలి కడుక్కుంటూ.

పుష్యమాసంలో ఆమెకు జ్వరం వచ్చింది. పులివెందుల ఆసుపత్రికి బండి కట్టాం. ఆ బండిలోనే తిరిగి తీసుకొచ్చాం.

కర్మలు ముగిశాక నేను చేసిన మొదటి పని బదిలీకి అర్జీ పెట్టడం. ఆ ఇంట్లో ఉండలేనని రాయలేదు. ఆరోగ్యం బాగాలేదని రాశాను. జమ్మలమడుగుకు వేశారు, వేసవి సెలవులు అయ్యాక బడి తెరిచేనాటికి చేరమన్నారు. ఆ కాగితం అందిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టింది. ఆ పడమటింటి గోడ, ఆ పొయ్యి, ఆమె ముగ్గు డబ్బా, ఇవేవీ కనబడని ఒక ఊరు ఉంటుందనేది నాకు పెద్ద ఊరట.

కానీ బర్రె ఉంది. దాన్ని వదిలి పోతే పసివాడికి పాలు లేవు. తోలుకొని పోతే పసివాడికి అసలే లేవు. దిల్షాద్‌బీకి ఇచ్చేద్దామంటే ఆమెకు చేపదు. ఆమె కూడా ఒకసారి మీనాక్షి చీర కట్టుకొని కూచుంది. బర్రె వెనక్కి తిరిగి చూసి కాలు విదిల్చింది. అది మిట్టమధ్యాహ్నం, గాడిలో జొన్నచొప్ప ఉంది. "నా వాసన కలిసిపోయింటాది," అంది ఆమె చీర విప్పుతూ. ఇంకొక సాయంత్రం నేను బడి నుంచి ఆలస్యంగా వచ్చి, చేనికి పోయే పొద్దు లేక చొప్ప వేసి, సిగ్గుతో చీర కూడా లేకుండా కూచున్నాను. అప్పుడూ అంతే. ఆ తర్వాత నేను చీర విడవలేదు.

వీరపునాయునిపల్లె నుంచి గఫూర్ అనే పశువుల బేరగాడు వచ్చాడు. పసివాడికి మరో పాడి చూసి, దీన్ని అమ్మేద్దామని నబీ రసూల్ పిలిపించాడు. గఫూర్ పత్తిగింజలు పెట్టి, వీపు నిమిరి, తన భాషలో బుజ్జగించి కూచున్నాడు. బర్రె పత్తిగింజలన్నీ తిన్నది. పాలు ఇవ్వలేదు. అతను చేతులు దులుపుకొని నా వైపు చూశాడు. ఊరు అప్పటికే చెప్పినట్టుంది.

"చీర కూడా ఇస్తారా అయివారూ, లేకపోతే మీరే బర్రె ఎంబడి వస్తారా?"

నబీ రసూల్ అతన్ని వీధి చివరి దాకా తిడుతూ సాగనంపాడు. తిరిగి వచ్చి, "వాడి మాట పట్టించుకోవద్దప్పా," అన్నాడు. కొంచెం ఆగి, "అయినా ఊరంతా మీకు దండం పెడితే, మీరు పోయి బర్రెకు పెడతాండారు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆమె పోయాక అదే మొదటిసారి.

పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. ఆ రెండింటి మధ్య ఎంత దూరం పోయి రాగలనో అంతవరకే నాకు లోకం. పులివెందుల పోయి రావచ్చు. ప్రొద్దుటూరులో మా అక్క పద్మావతమ్మ నాలుగు రోజులు వచ్చి ఉండమని కబురు మీద కబురు పంపింది. ఒక్క రాత్రి కూడా ఉండలేనని జవాబు చెప్పాను. కొట్టం తలుపు వేసుకొని చీర చుట్టుకున్న ప్రతిసారీ, ఇది తెగితే చాలు, పోతాను, అనుకునేవాణ్ణి. బర్రె డొక్క వెచ్చగా ఉండేది. లేవడానికి కొంచెం ఆలస్యమయ్యేది.

శివరాత్రి వెళ్లింది. కోదండపాణి వచ్చి గట్టు మీద సైకిలు ఆనించాడు.

"దున్నించలేదే అయివారూ?"

"పచ్చగానే ఉంది కదా."

అతను వంగి గడ్డిని రెండు చేతులతో పాయలుగా విడదీసి చూపించాడు. అడుగున పసుపు తిరిగి ఉంది. "పైపైన పచ్చదనం ఇది. ఇప్పుడు పిల్లిపెసర చల్లితేనే, ఇది పోయేలోగా అది మేతకొస్తుంది."

"చూద్దాం."

అతను నా ముఖం చూశాడు. పిల్లిపెసర విత్తనం మూట మా అరుగు మీద పెట్టి వెళ్లాడు. అది అక్కడే ఉండిపోయింది.

నేను నీళ్లు ఎక్కువ పెట్టించాను. మా వంతు రోజంతా కపిలి ఆ మడులకే తోలమన్నాను. బావిలో నీళ్లు దిగిపోతున్నాయి. నబీ రసూల్ తోలుతూనే గొణిగేవాడు.

"బూడిదలో పోస్తాండాం అయివారూ. ఎద్దులకు కూడా తెలిసిపోయింది, అడుగు ఎయ్యలేదు చూడండి."

"నీ వంతు నీళ్లు నేను అడగడం లేదు కదా."

"నా వంతు ఎవురడిగినారప్పా. బావికి కూడా ఒక వంతు ఉండాలని చెప్తాండా."

ఉగాది వచ్చేసరికి మడులు పలచబడ్డాయి. ఉన్న గడ్డి సన్నటి కంకులు వేసింది. ఒక కంకిని అరచేతిలో నలిపి ఊదాను. అంతా పొట్టే, లేచిపోయింది. కానుగ చెట్టు నీడన ఉన్న చివరి మడి ఒక్కటే పచ్చగా మిగిలింది. దాన్ని కోయడం మానేశాను. మిగతా మడుల్లో ఏరి ఏరి కోసిన గుప్పెడు గడ్డి చొప్పలో కలిపి వేసేవాణ్ణి. పాలు తగ్గుతూ వచ్చాయి. ఎండలకు తగ్గాయనుకున్నాను. తర్వాత చీర మీద అనుమానం వచ్చింది. దాన్ని నేను ఒక్కసారి కూడా ఉతకనివ్వలేదు. పగటి వెలుతురులో వాసన చూశాను. పేడ వాసన, గడ్డి వాసన, నా చెమట.

ఏరుకోవడానికి కూడా గడ్డి లేని రోజు వచ్చింది. ఆ సాయంత్రం ఉత్త చొప్ప వేసి, చీర చుట్టుకొని కూచున్నాను. బర్రె చేపలేదు. చాలాసేపు కూచున్నాను. మీనాక్షి ఎలా పిలిచేదో అలా పిలిచాను. బర్రె పక్కకు జరిగి చెంబు తన్నింది. దానికి కూడా ఆమె పోయిందని అనుకున్నాను.

రాత్రి ఎదురింట్లో పసివాడి ఏడుపు వినబడుతూనే ఉంది. గంజి పడుతున్నారు, కక్కుతున్నాడు. పొద్దున మళ్లీ కూచున్నాను, మళ్లీ అంతే. చీర విప్పి చేతిలో పట్టుకొని నిలబడి ఉండగా తలుపు తోసుకొని దిల్షాద్‌బీ వచ్చింది. ఆమె చంకలో పచ్చగడ్డి మోపు ఉంది.

"ఆ మడి కోశావా?" అన్నాను.

"కోసినా."

"నన్ను అడగకుండా?"

"పిల్లోడు గుక్కపట్టి ఏడుస్తాంటే, మీరు మడి చూసుకుంటా కూచోమంటారా? మేత లేక బర్రె సగమైంది. దానికన్నా కడుపు నిండనీ అని కోసినా. పాలు ఇయ్యకపోతే పాయ, అదీ ప్రాణమే కదా."

ఆమె గడ్డి గాడిలో పారేసింది. నేను ఆ ఎర్రటి మొదళ్లనే చూస్తున్నాను. ఆమె వాటిని మట్టం దాకా కోసేసింది. నాలుగు వేళ్లు వదలలేదు. ఇక లేవదు. ఏదో గట్టిగా అనబోయాను.

నేల మీద చిన్న చప్పుడైంది. మళ్లీ అయింది. బర్రె తల గాడిలో పెట్టి నములుతోంది. దాని చన్నుల నుంచి పాలు వాటంతటవే చుక్కలు చుక్కలుగా మట్టిలో పడుతున్నాయి.

"చెంబు," అంది దిల్షాద్‌బీ.

అందించాను. ఆమె తన చీరతో, తన గాజుల చప్పుడుతో, అలాగే కూచుంది. ధార చెంబులో మోగింది. బర్రె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సగం చెంబు నిండింది.

"గడ్డికా అప్పా ఇదంతా," అంది ఆమె తల తిప్పకుండా. "దూడ సచ్చినప్పుడు ఆయమ్మ తడిగడ్డి తినిపిచ్చి మరిపిచ్చింటాది. ఆ పొద్దు నుంచి అది గడ్డి చూస్తేనే చేపుతాంది. మనమేమో చీర కట్టి, తలుపేసి, నేను బయట కావిలి..." ఆమెకు నవ్వు వచ్చింది. సగంలోనే ఆగిపోయింది. చేతులు పాలతో ఉన్నాయి, భుజానికి కళ్లు తుడుచుకుంది.

నా చేతిలో ఏముంది, అని మీనాక్షి ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ రోజే నబీ రసూల్‌ను నాగలి కట్టమన్నాను.

"నీడన ఉండే మడి కూడానా?" అన్నాడాయన.

"అదీ."

దున్నుతుంటే గట్టు మీద నిలబడ్డాను. వేళ్లు తెల్లటి దారాల్లా మట్టితో పాటు పైకి వచ్చాయి. పిల్లిపెసర నేనే చల్లాను. అది ఎదిగే దాకా నబీ రసూల్ కాలువ గట్ల మీద గరిక కోసి, నీళ్లలో ముంచి తెచ్చాడు. బర్రె దానికీ చేపింది. దానికి కావలసింది పచ్చిమేత. ఎవరు తెచ్చినా సరే. మేత ఎదిగాక బర్రెను ఎదురింటి కొట్టంలోకి మార్చాం. రెండు అడుగులు వేసి, గాడిలో తల పెట్టి, అక్కడిదైపోయింది.

ఇక నేను పోవచ్చు. వేసవి సెలవులన్నీ నా ముందు ఉన్నాయి. రేపు పోవచ్చు, ఈరోజు పోవచ్చు. బడి తెరిచే ముందటి రోజు దాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. పాలవేళకు మెలకువ వచ్చేది. ఖాళీ కొట్టంలోకి పోయి నిలబడి వచ్చేవాణ్ణి.

బయలుదేరే రోజు దిల్షాద్‌బీ పసివాణ్ణి ఎత్తుకొని వచ్చింది. వాడు బాగా ఒళ్లు చేశాడు.

"ఆ చీర ఇచ్చిపోండి అయివారూ. వీనికి ఉయ్యాల కడతా. మెత్తగా నలిగింది."

నేను పెట్టె తెరిచి మీనాక్షి చీరల్లో మంచిది ఒకటి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని చూసి, "ఇంత మంచిది ఉయ్యాలకా? ఆ వక్కరంగుదే సాలు. ఇంక బర్రెకు దాంతో పనిలేదు కదప్పా," అంది.

"బర్రెకు లేదు," అన్నాను.

ఆమె నా వైపు చూసి, ఇచ్చిన చీరను పసివాడి చుట్టూ చుట్టింది. మళ్లీ అడగలేదు.

నబీ రసూల్ నా పెట్టెను తొండూరు దాకా బండిలో తెచ్చి బస్సు పైకి ఎక్కించాడు. "ఇంక మిమ్మల్ని కట్టేసిండేది ఏమీ లేదు. నిమ్మళంగా పోయిరాండి," అన్నాడు.

జమ్మలమడుగులో నాకు దొరికింది ఒక్క గది. పాలు పోసే ఆమె ఇంటికే తెచ్చి పోస్తుంది. ప్రొద్దుటూరు దగ్గరే, సెలవు రోజు పోయి అక్క దగ్గర ఉండి రావచ్చు. ఇంకా పోలేదు. ఆ గదిలో నేను కొట్టిన మొదటి మేకు ఆ వక్కరంగు చీరకు. బడి విడిచి వచ్చాక తలుపు వేసి, దాని ఎదురుగా కూచుంటాను. ఆ సమయానికి అక్కడ దిల్షాద్‌బీ మేత వేసి, చెంబు కడుగుతూ ఉంటుంది.